నీలం మాత్ర, రాగి సంగటి, పద్దెనిమిది వందల సీసా

 

మేము తిరుపతిలో ఒక అమ్మాయిల హాస్టల్లో ఒకే గదిలో ఉండే ఐదుగురం. ఇద్దరం యానాదులం, ఇద్దరం ఎరుకల వాళ్లం, ఒకరు సుగాలి. ఐదిళ్లలోనూ కాలేజీ గడప తొక్కిన మొదటి మనుషులం మేమే. ఈ పోస్టు టైపు చేసేది ఒకరే అయినా మాటలు అందరివీ. అందుకే ‘మేము’ అని రాస్తున్నాం. కొంచెం పెద్ద పోస్టు. ఓపిగ్గా చదవండి, ముఖ్యంగా హాస్టళ్లలో ఉండేవాళ్లు.

విషయం రక్తహీనత. అంటే మన ఊర్లో చెప్పేటట్టు ‘రక్తం లేకపోవడం’. దీనికి మాత్రలు మేలా, తిండి మేలా అని మా గదిలో రెండు నెలలు గొడవ జరిగింది. ఆ గొడవలో మాకు తెలిసిన సంగతులు, చివరికి మేము వచ్చిన అభిప్రాయం మీ ముందు పెడుతున్నాం.

ఏం జరిగిందంటే

సెమిస్టర్ పరీక్షల రోజుల్లో మా గదిలో చెల్లి ఒకామె మూడో అంతస్తు మెట్లెక్కతా ఎక్కతా కూలబడిపోయింది. ఆమెది పులికాట్ అంచున ఒక పల్లె. నాయన చేపలకు పోతాడు. ఆమె ముందు నుంచీ చెప్తానే ఉంది, ‘ఆయాసం వస్తాంది, తల తిరగతాంది, చదివింది గుర్తుండటం లేదు’ అని. మేమే పట్టించుకోలేదు. ‘రాత్రంతా ఫోన్ చూస్తే అంతేమే’ అని నవ్వినాం కూడా. ఆస్పత్రికి తీసుకపోతే హిమోగ్లోబిన్ 7.6 వచ్చింది.

ఆడపిల్లకు 12 ఉండాలి. 11 దాటి 12 లోపు ఉంటే కొద్ది రక్తహీనత, 8 నుంచి 11 లోపు మధ్యరకం, 8 కన్నా తగ్గితే తీవ్రం. గర్భిణులకు లెక్క వేరే. మగవాళ్లకు 13 ఉండాలి. ఈ అంకెలు డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్న మాకు ఆ రోజు దాకా తెలియవు. సెల్ ఫోన్ బ్యాటరీ ఎంత శాతం ఉందో రోజుకు పదిసార్లు చూసుకుంటాం గానీ, ఒంట్లో రక్తం ఎంతుందో ఇరవై ఏళ్లలో ఒక్కసారీ అడగలేదు.

డాక్టరమ్మ భయపెట్టలేదు. మందులు రాసింది. ఒక మాట మాత్రం అడిగింది: ‘స్కూల్లో నీలం మాత్రలు ఇచ్చేవాళ్లు కదా, మింగినావా?’ చెల్లి తల దించుకుంది. ఆమెతో పాటు మేమూ దించుకున్నాం.

మాత్రలు మోరీలోకి ఎందుకు పోయినాయి

నిజం చెప్పుకోవాలి. మా ఐదుగురిలో ఒక్కరం కూడా ఆ మాత్రలు సరిగ్గా మింగలేదు. వారానికి ఒకరోజు వరసలో నిలబెట్టి చేతిలో పెట్టేవాళ్లు. నాలుక కింద దాచుకుని, చేతులు కడుక్కునేటప్పుడు మోరీలో ఉమ్మేసేవాళ్లం. కిటికీలోంచి ఎవరి మాత్ర దూరంగా పడుతుందని పందెం కూడా కట్టుకున్నాం.

ఎందుకట్లా చేసినాం? మొదటిది, ఖాళీ కడుపున మింగితే కడుపులో తిప్పి వాంతి వచ్చేది. రెండోది, దొడ్డికి పోతే నల్లగా వచ్చేది, భయపడినాం. మూడోది, ‘ఇవి మనోళ్లకు పిల్లలు పుట్టకుండా ఇస్తా ఉండారు’ అని ఊర్లో ఎవరో అన్నారు. ఆ మాట మా అమ్మల చెవిన పడితే ఇంక చెప్పేదేముంది? గవర్నమెంటు వాళ్లు ఊరికే ఏదైనా ఇస్తే అనుమానించడం మన పెద్దోళ్లకు బతుకు నేర్పిన పాఠం. దాన్ని మేము తప్పుపట్టం. కానీ ఆ అనుమానం తీర్చే మాట చెప్పినవాళ్లు కూడా ఎవరూ లేరు. మాత్ర ఇచ్చినారు, రిజిస్టర్లో టిక్కు పెట్టినారు, అంతే.

ఇప్పుడు తెలుసుకున్నది చెప్తాం. ఆ నీలం మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. పదేళ్ల నుంచి పందొమ్మిదేళ్ల దాకా వారానికి ఒకటి. ఐదు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు గులాబీ రంగు మాత్ర, అందులో ఇనుము 45 మిల్లీగ్రాములు. ఏడాదికి రెండుసార్లు నులిపురుగుల మాత్ర. ఎందుకంటే కొంకి పురుగులు కడుపులో ఉంటే మనం తిన్నదాంట్లోంచి కాదు, మన రక్తంలోంచే తాగుతాయి. వీటన్నిటినీ కలిపి 2018లో ‘అనీమియా ముక్త్ భారత్’ అని పేరు పెట్టినారు. మాత్ర అన్నం తిన్నాక వేసుకుంటే వాంతి తగ్గుతుంది. దొడ్డి నల్లగా రావడం ఒంట్లో పట్టని ఇనుము బయటికి పోవడమే, జబ్బు కాదు. పిల్లలు పుట్టకపోవడం అనేది పూర్తిగా అబద్ధం. ఫోలిక్ యాసిడ్ పుట్టబోయే బిడ్డ వెన్నుపాముకు రక్షణ కోసం ఇచ్చే మందు.

ఇంకొక సంగతి. అదే పథకంలో ఇరవై నుంచి నలభై తొమ్మిదేళ్ల ఆడవాళ్లకు కూడా వారానికి ఒకటి ఎర్ర మాత్ర ఉంది. మాకు ఇరవై వచ్చింది, స్కూలు అయిపోయింది, వరసలో నిలబెట్టేవాళ్లు పోయినారు. ఎర్ర మాత్ర సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. ఏఎన్ఎం దగ్గరికి పోయి అడిగితే దొరుకుతాయి, డబ్బులు కట్టాల్సిన పని లేదు.

ఆ ఫోలిక్ యాసిడ్ వెనక ఒక తెలుగాయన ఉన్నాడని తెలిసి మాకు భలే అనిపించింది. 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే ఇంగ్లండు డాక్టరమ్మ బొంబాయికి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణులకు రక్తం ఎందుకు తగ్గిపోతోందని వెతికింది. ఈస్ట్ నుంచి తీసిన ఒక తిండి పదార్థంతో వాళ్లు కోలుకోవడం చూసింది. అందులో ఉన్న పోషకమే ఫోలిక్ యాసిడ్ అని తర్వాత తేలింది. దాన్ని 1945లో అమెరికాలో ప్రయోగశాలలో తయారుచేసిన బృందాన్ని నడిపింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన సోదరుడు స్ప్రూ అనే జబ్బుతో చనిపోయినాడు, ఫోలిక్ యాసిడ్ ఆ జబ్బుకు పనిచేసే మందు. అంటే మేము కిటికీలోంచి విసిరేసిన మాత్ర వెనక మిల్లు కూలి ఆడవాళ్ల రక్తమూ, ఇంట్లో చావు చూసిన ఒక మనిషి కష్టమూ ఉన్నాయి.

సీసా కథ

చెల్లి పడిపోయిన వారానికే మా హాస్టల్‌కు ఒక అక్క వచ్చింది. మంచి మాటకారి. ఒక కంపెనీ మల్టీవిటమిన్ సీసా చూపించింది. 60 బిళ్లలు, 1,850 రూపాయలు. ‘గవర్నమెంటు మాత్రలు చీప్ కెమికల్, ఇది న్యాచురల్. రక్తం పడుతుంది, జుట్టు రాలదు, మెమరీ పెరుగుతుంది. మీరు ఇంకో ముగ్గుర్ని చేర్పిస్తే మీకూ కమీషన్’ అని చెప్పింది. మా గదిలో ఇద్దరు కొనేసినారు. ఒకామె స్కాలర్‌షిప్ డబ్బులు, ఇంకొకామె వాళ్లమ్మ బుట్టలల్లి పంపిన డబ్బులు.

తర్వాత సీసా వెనక సన్నక్షరాలు చదివినాం. ఇనుము 9 మిల్లీగ్రాములు! ఊరికే ఇచ్చే మాత్రలో 60 ఉంటే, పద్దెనిమిది వందల సీసా బిళ్లలో అందులో ఆరో వంతు కూడా లేదు. మిగతా ఇరవై రకాల విటమిన్లూ కొద్దికొద్దిగా ఉన్నాయి. బి, సి విటమిన్లు ఒంటికి కావలసినదాని కన్నా ఎక్కువైతే చాలామటుకు మూత్రంలో పోతాయి. ఆ బిళ్ల వేసుకున్న రోజు మూత్రం పసుపు పచ్చగా రావడం ఒక బి విటమిన్ వల్లే. ఎ, డి లాంటివి అట్లా పోవు, ఒంట్లో నిలవుంటాయి, మరీ ఎక్కువైతే చెడు చేస్తాయి. ‘విటమినే కదా, ఎంత మింగినా మంచిదే’ అనేది తప్పు.

1,850 రూపాయలంటే గుడ్డు ఏడు రూపాయల చొప్పున 264 గుడ్లు. రోజుకొకటి తింటే దాదాపు తొమ్మిది నెలలు వస్తాయి. సీసా రెండు నెలలకు అయిపోతుంది. అబ్బాయిల హాస్టళ్లలో ప్రొటీన్ పౌడర్ డబ్బాలు కొంటున్న తమ్ముళ్లూ, ఈ లెక్క మీరు కూడా ఒకసారి వేసుకోండి.

ఆ అక్క మీద మాకు కోపం లేదు. ఆమె కూడా మనలాంటి ఇంటి నుంచి వచ్చినదే, ఆమె మీద టార్గెట్ ఉంది. కానీ జబ్బు పేరు చెప్పి, పరీక్ష చేయించుకోకుండానే మందు అమ్మే ఎవరినైనా మన హాస్టల్ గేటు దగ్గరే ఆపాలి.

మరి తిండితోనే సరిపోతుందా?

ఇక్కడే మా గదిలో గొడవ. సుగాలి అక్క అన్నది: ‘మా అవ్వ ఒక్క మాత్ర మింగలేదు. రాగి సంగటి తిని డెబ్బై ఏళ్లకు కూడా కొండెక్కింది. తిండి ఉంటే చాలు.’ వినడానికి బాగుంది. మాకూ అదే నిజం కావాలని ఉంది. కానీ కాగితం పెన్ను తీసుకుని లెక్క వేసినాం.

హైదరాబాద్‌లో జాతీయ పోషకాహార సంస్థ ఉంది, ఎన్ఐఎన్ అంటారు. 1918లో కూనూరులో చిన్నగా మొదలై 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. మన తిండి పదార్థాల్లో ఏమేం ఉన్నాయో వాళ్లు 2017లో పట్టికలు వేసినారు. 100 గ్రాముల పాలిష్ బియ్యంలో ఇనుము 0.65 మిల్లీగ్రాములు, కాల్షియం ఏడున్నర. 100 గ్రాముల రాగుల్లో ఇనుము 4.6, కాల్షియం 364. కాల్షియంలో రాగికీ బియ్యానికీ పోలికే లేదు. మునగాకులో ఇనుము నాలుగున్నర దాకా, కాల్షియం 300 పైన, విటమిన్ సి 100 పైన.

పెద్దయిన ఆడమనిషికి రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలని అదే సంస్థ 2020లో చెప్పింది. హాస్టల్లో మేము రోజుకు 400 గ్రాముల బియ్యం అన్నం తింటామనుకుంటే వచ్చేది 2.6 మిల్లీగ్రాములు. నీళ్లసాంబారు, పలచటి మజ్జిగ కలిపినా ఎంతని పెరుగుతుంది? అందులో సగం రాగులకు మార్చుకుంటే, అంటే 200 గ్రాముల రాగి పిండి, 200 గ్రాముల బియ్యం తింటే, పదిన్నర దాకా వస్తుంది. నాలుగింతలైంది, కానీ 29 కాలేదు. దానికి ఆకుకూర, అలసందలు, ఉలవలు, శెనగలు, చెనిక్కాయలు, మాంసం, చేప తోడు కావాలి.

ఇంకో చిక్కు. తిన్న ఇనుమంతా ఒంటికి పట్టదు. ధాన్యాల్లో, ఆకుల్లో ఉండే ఇనుము తక్కువగానే పడుతుంది. మాంసం, చేప, కాలేయంలో ఉండేది బాగా పడుతుంది. నిమ్మకాయ, ఉసిరి, జామ లాంటివి తోడుంటే ఆకుల్లోని ఇనుము కూడా ఎక్కువ పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే అది ఇనుమును పట్టేసుకుని ఒంట్లోకి పోనియ్యదు. రాగులను మొలకెత్తించినా, పిండిని రాత్రంతా పులియబెట్టి అంబలి కాచినా ఇనుము పట్టడానికి అడ్డుపడే పదార్థం తగ్గుతుంది. మన అవ్వలు పుల్లంబలి తాగి పనికి పోయింది ఏ పట్టికా చూసి కాదు, అయినా వాళ్లు చేసింది సరైన పనే.

ఈ లెక్కతో సుగాలి అక్క కూడా ఒప్పుకుంది. రక్తం 7.6కు పడిపోయిన మనిషిని సంగటితో లేపాలంటే ఎన్ని నెలలు పడుతుందో, అంతలో పరీక్షలు, చదువు, ప్రాణం ఏమవుతాయో. అప్పుడు మాత్ర మందు. మందును మందులాగే వాడాలి, నెలల తరబడి, డాక్టరు చెప్పినన్నాళ్లు. చెల్లి అన్నం తిన్నాక మాత్రలు వేసుకుంది. మేము వంతులేసుకుని గుర్తుచేసినాం. నాలుగు నెలలకు 11.2 వచ్చింది. ఇంకా 12 కాలేదు, వాడతానే ఉంది.

ఇంకొక జాగ్రత్త. సికిల్ సెల్ అనే జబ్బు గిరిజనుల్లో కొన్ని చోట్ల ఎక్కువ. 2023 జూలై 1న దాని నిర్మూలనకు దేశమంతటికీ ఒక మిషన్ మొదలుపెట్టి, గిరిజన ప్రాంతాల్లో రక్త పరీక్షలు చేస్తున్నారు. ఆ జబ్బులో కూడా రక్తం తగ్గుతుంది, కానీ దానికి కారణం ఇనుము లేకపోవడం కాదు. సికిల్ సెల్ ఉన్నవాళ్లు డాక్టర్ని అడగకుండా ఇనుము మాత్రలు వాడకూడదు. అందుకే ముందు పరీక్ష, తర్వాతే మాత్ర.

‘ప్లాస్టిక్ బియ్యం’ సంగతి

మన ఊర్లలో పెద్ద పుకారు ఇది. స్టోరు బియ్యం కడిగేటప్పుడు కొన్ని గింజలు పైకి తేలుతున్నాయి, ప్లాస్టిక్ కలుపుతున్నారని మా అమ్మలు ఏరి పారేస్తున్నారు. అవి ప్లాస్టిక్ కాదు. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి మళ్లీ గింజలా ఒత్తినవి. మామూలు బియ్యంలో వందకు ఒకటి చొప్పున కలిపినారు. 2021 ఆగస్టు 15న ప్రధాని ప్రకటించిన తర్వాత ముందు బడులకు, అంగన్వాడీలకు, తర్వాత రేషన్‌కు ఈ బియ్యం వచ్చింది. కిలోకు 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల ఇనుము ఉండాలని నిబంధన. అంటే రోజుకు 400 గ్రాములు తింటే కాగితం మీద 11 నుంచి 17 మిల్లీగ్రాములు. మా అమ్మలు ఏరి పారేసేది సరిగ్గా ఆ ఇనుమునే.

అట్లని ‘బియ్యంలో కలిపేశాం కాబట్టి పని అయిపోయింది’ అంటే మేము ఒప్పుకోం. ఆ గింజలో మూడు పోషకాలు ఉన్నాయి. తిండిలో లెక్కలేనన్ని ఉంటాయి. కాల్షియం లేదు, మాంసకృత్తులు పెరగవు, విటమిన్ సి లేదు, పీచు లేదు. పైగా మమ్మల్ని ఎవరూ అడగలేదు, చెప్పలేదు. మిల్లులో ముందు పాలిష్ పట్టి బియ్యంలో ఉన్న మంచి తీసేసి, తర్వాత మూడు వస్తువులు కలిపి ఇవ్వడం ఏం లెక్కని అడిగే హక్కు తినేవాళ్లకు ఉంటుంది.

పెద్దవాళ్లు కూడా ఈ మాట అడిగినారు. 1970లో మన దేశంలో చిన్నపిల్లలకు ఆర్నెల్లకోసారి విటమిన్ ఎ పెద్ద మోతాదులో ఇచ్చే కార్యక్రమం ఎన్ఐఎన్ పరిశోధన వల్లే మొదలైంది. చూపు పోయే పిల్లల్ని కాపాడటానికి అది అవసరమైంది. ఆ సంస్థను నడిపిన డాక్టర్ సి. గోపాలన్ గారే తర్వాత కాలంలో, మందు ఎల్లకాలం సాగేది కాదు, ఆకుకూరలు, పళ్లు, సరైన తిండి అందాలని గట్టిగా వాదించినారు. మాత్ర కనిపెట్టిన వైపు నుంచే ఆ మాట వచ్చింది కాబట్టి మాకు దాని మీద గౌరవం.

మన తిండి మీద మనకే సిగ్గు

ఇది రాయడానికి మాకు కష్టంగా ఉంది, అయినా రాస్తాం.

మా గదిలో ఎరుకల అక్క తిరుపతి వచ్చినాక మాంసం మానేసింది. ఎందుకు? ఫస్టియర్‌లో క్లాసులో ఒకామె ‘మీరు పందులు తింటారంట కదా’ అని ముక్కు మూసుకుంది. అప్పటినుంచి ‘మేము వెజ్’ అని చెప్పుకుంటా ఉంది. గుడ్డు కూడా పక్కన పెట్టేసేది. పులికాట్ చెల్లి చిన్నప్పుడు ఎండ్రకాయలు, నత్తలు, ముళ్లతో సహా నమిలే చిన్న చేపలు, పొలంలో ఎలకలు తిని పెరిగింది. ఇక్కడ ఆ పేర్లు నోటి నుంచి రానియ్యదు. ‘మీ ఊర్లో ఏం తింటారు’ అని అడిగితే ‘బిర్యానీ’ అంటుంది.

బి12 విటమిన్ సహజంగా మాంసం, చేపలు, గుడ్లు, పాలల్లోనే దొరుకుతుంది. అది తగ్గినా రక్తం తగ్గుతుంది, చేతులు కాళ్లు తిమ్మిర్లు పడతాయి. చిన్న చేపను ముల్లుతో నమిలితే కాల్షియం. అంటే ఎవరు ముక్కు మూసుకున్నారని మేము వదిలేసిన తిండిలోనే మాకు కావలసినవి ఉన్నాయి. అది వదిలేసి వాటి కోసం పద్దెనిమిది వందలు పెట్టి సీసా కొన్నాం. ఇంతకన్నా మోసపోవడం ఏముంటుంది? శాకాహారం తినేవాళ్లను మేము తప్పుపట్టడం లేదు, అది వాళ్ల ఇష్టం. మనం ఇష్టంతో మానేస్తే సరే, సిగ్గుతో మానేయొద్దు.

గురుగాకు, చెంచలాకు, దొగ్గలాకు, పొనగంటాకు మన అమ్మలు చేను గట్ల మీద ఊరికే కోసుకొచ్చేవాళ్లు. అదే ఇప్పుడు ‘ఆర్గానిక్’, ‘మిల్లెట్’, ‘మోరింగా పౌడర్’ అని అందమైన ప్యాకెట్లో వస్తే గొప్ప అయిపోయింది. మోరింగా అంటే మన మునగాకే.

‘మంచి తిండి తినండి’ అని చెప్పేవాళ్లకు

సలహా చెప్పడం తేలిక. ఆ తిండి దొరికే చోటు ఎవరి చేతిలో ఉందో కూడా మాట్లాడాలి.

ఇప్పుడు మన తిరుపతి జిల్లాలోనే ఉన్న శ్రీహరికోట దీవి ఒకప్పుడు యానాదుల దీవి. అడవిలో గడ్డలు, తేనె, పళ్లు, పులికాట్‌లో చేప, రొయ్య. 1970 ప్రాంతంలో అక్కడ రాకెట్ కేంద్రం పెట్టినప్పుడు చాలా కుటుంబాలు దీవి వదలాల్సి వచ్చింది. రాకెట్ ఎగిరితే మేమూ చప్పట్లు కొడతాం, మన దేశం అని గర్వపడతాం. కానీ ఆ దీవితో పాటు మనవాళ్ల వంటిల్లు కూడా పోయిందని ఎవరూ లెక్క రాయలేదు.

శేషాచలం వైపు ఊర్లలో ఇప్పుడు ఎర్రచందనం కేసుల భయానికి మనోళ్లు ఉసిరికాయకు కూడా అడవిలోకి పోవాలంటే వెనకాడతారు. చెరువుల్లో చేపలు పాటలో పాడుకున్నవాళ్లవి. గట్ల మీద ఆకుకు కలుపుమందు కొడుతున్నారు. రాగి వేసే చేలల్లో టమాటా, మామిడి వచ్చినాయి, స్టోరు బియ్యం వచ్చింది, సంగటి తగ్గింది. ఇట్లా ఒక్కొక్కటీ చేజారినాక ‘మీ గిరిజనుల్లో పోషకాహారంపై అవగాహన లేదు’ అంటారు. మా అవ్వకు అవగాహన లేదా? ఏ ఆకు బాలింతకు పెట్టాలో, ఏది పెట్టకూడదో ఆమెకు నోటికొచ్చు. లేనిది అవగాహన కాదు, అందుబాటు.

2006 అటవీ హక్కుల చట్టంలో చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద హక్కు ఉంది. నీటి వనరుల్లో చేపల మీద సామూహిక హక్కు కూడా అందులోనే రాసి ఉంది. పట్టా భూమి గురించి మాత్రమే మనం మాట్లాడుకుంటాం గానీ, ఈ తిండి హక్కు గురించి మాట్లాడం. మన గ్రూపులో లా చదివే అన్నలు దీని మీద ఒక పోస్టు రాస్తే బాగుంటుంది.

మా అభిప్రాయం

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. పదిమందిలో దాదాపు ఆరుగురు. మా ఐదుగురం పరీక్ష చేయించుకుంటే నలుగురికి 12 లోపే వచ్చింది. కాబట్టి ఇది ఒక చెల్లి సంగతి కాదు.

మాత్రా, తిండా అని ఎవరైనా అడిగితే మేము చెప్పేది ఇది. రక్తం తగ్గిందని పరీక్షలో తేలితే మాత్ర కావాలి, దాన్ని మోరీలో పారేయొద్దు. తగ్గకుండా ఉండటానికి వారం వారం మాత్ర ఇస్తే అదీ మింగుదాం. కానీ మాత్ర ఇచ్చాం కదా అని ప్లేట్లో గుడ్డు తగ్గిస్తే, పప్పు పలచన చేస్తే ఊరుకోవద్దు. మాత్ర తిండికి తోడే గానీ తిండికి బదులు కాదు. ఈ రెండూ కాకుండా మూడోది, పరీక్ష లేకుండా, అవసరం లేకుండా అమ్మే సీసా, మనకు వద్దు.

మేము చేసింది, మీరు చేయగలిగింది

మేము పెద్దగా ఏమీ చేయలేదు. మెస్ కమిటీలో కూర్చుని నాలుగు మాటలు అడిగినాం.

ఒకటి, టిఫిన్‌తో పాటు ఇచ్చే టీ గంట తర్వాత ఇయ్యమన్నాం. దానికి పైసా ఖర్చు లేదు, ఒప్పుకున్నారు.

రెండు, వారానికి రెండు రాత్రులు సంగటి. మొదట ‘కెలికేవాళ్లు లేరు’ అన్నారు. మేమే వంతుకు ఇద్దరం పోయి తెడ్డు పట్టుకున్నాం. మొదటిరోజు ఉండలు కట్టింది, అందరూ నవ్వినారు. ఇప్పుడు సంగటి రోజే వరస పొడుగ్గా ఉంటుంది.

మూడు, హాస్టల్ వెనక ఊరికే పెరిగిన మునగచెట్టు ఆకు పప్పులో వేయడం, పక్కన నిమ్మకాయ ముక్క.

నాలుగు, మెనూ బోర్డులో రాసిన గుడ్డు రాసినంత ఇవ్వాలి. ఇది మాత్రం ఇంకా పూర్తిగా సాధించలేదు. కొన్ని వారాలు వస్తుంది, కొన్ని వారాలు రాదు. అడుగుతానే ఉన్నాం. బోర్డు మీద ఉన్నది దయ కాదు, మన పేరు మీద మంజూరైన తిండి.

మీరు చేయగలిగింది: ఈ నెలలోనే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. ప్రభుత్వ ఆస్పత్రిలో ఊరికే చేస్తారు. అంకె రాసి పెట్టుకోండి. సెలవులకు ఇంటికి పోయినప్పుడు అమ్మకు కూడా చేయించండి, ఎందుకంటే ఇంట్లో అందరూ తిన్నాక అడుగున మిగిలింది తినేది ఆమె. తేలే గింజలు ప్లాస్టిక్ కాదని చెప్పండి. బడికిపోయే చెల్లెళ్లకు నీలం మాత్ర అన్నం తిన్నాక మింగమని చెప్పండి, ఎందుకో కూడా చెప్పండి. ఊరికే ‘మింగు’ అంటే మాలాగే కిటికీలోంచి విసిరేస్తారు.

ఇంకొకటి. మీ అవ్వను అడిగి, మీ ఊర్లో తినే ఆకులు, గడ్డలు, చేపల పేర్లు మీ యాసలోనే ఈ గ్రూపులో రాయండి. ఎరుకల అక్క నిన్న ఆదివారం ఊరి నుంచి వాళ్లమ్మ చేసిన కూర డబ్బాలో తెచ్చింది. ఏం కూరో అడగకముందే ఆమే పేరు చెప్పి గది మధ్యలో మూత తీసింది. ఐదుగురం తిన్నాం. చెల్లి రెండోసారి వడ్డించుకుంది.

తప్పులుంటే పెద్దలు సరిచేయండి. వైద్యం చదివే అన్నలు, అక్కలు అంకెలు ఒకసారి చూడండి. మీ హాస్టల్లో తిండి ఎట్లా ఉందో కింద రాయండి, చదువుతాం.

ఇట్లు,
తిరుపతి హాస్టల్ నుంచి మీ చెల్లెళ్లు